రీయూనియన్ టూర్: నా దగ్గరికొచ్చే అపోహలు, అక్కడి వాస్తవాలు

టూర్లు వేయడం నా వృత్తి. మారిషస్ ప్యాకేజీ కోసం వచ్చినవాళ్ళు లేచి వెళ్ళబోతూ, "పక్కనే రీయూనియన్ అనే దీవి ఉందట కదండీ, రెండు రోజులు అదీ కలిపేయండి" అంటుంటారు. చిక్కులన్నీ ఆ "కలిపేయండి" దగ్గరే మొదలవుతాయి.

అపోహ: మారిషస్ లాంటిదే. లేదంటే షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఉంటే సరిపోతుంది.

మారిషస్ 1968 నుంచి స్వతంత్ర దేశం. రీయూనియన్ మాత్రం 1946 నుంచి ఫ్రాన్స్‌లో ఒక జిల్లా లాంటిది. చెల్లేది యూరో, కనిపించేది ఫ్రెంచ్ పోలీసు. అయినా అది షెంజెన్ పరిధిలోకి రాదు. వీసా స్టిక్కర్ మీద ఏయే ప్రాంతాలకు చెల్లుతుందో రాసి ఉంటుంది, ఆ ఒక్క వరుస చదవాలి. ఒక కొత్త జంట పారిస్ వీసా ఇంకా మిగిలి ఉంది కదా అంటే, నేనూ ఆ వరుస చూడకుండా టికెట్లు వేశాను. మారిషస్ విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరే ఆపేశారు. తప్పు నాదే. డబ్బూ నాదే పోయింది. టికెట్ కొనకముందే ఫ్రాన్స్ ప్రభుత్వ వీసా వెబ్‌సైట్‌లో రీయూనియన్ అని పెట్టి, మీకు ఏ నిబంధన వర్తిస్తుందో చూసుకోండి.

అపోహ: దీవి అంటే బీచ్. రెండు చొక్కాలు, ఒక టవల్ చాలు.

ఎక్కువమంది నిరాశపడేది ఇక్కడే. రీయూనియన్ కొండల దీవి. విస్తీర్ణం 2,500 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అందులోనే 3,000 మీటర్లు దాటిన శిఖరం, పితోన్ దె నేజ్. షార్క్ దాడులు పెరగడంతో 2013 నుంచి ఎక్కడ పడితే అక్కడ సముద్రంలో దిగడాన్ని నిషేధించారు. పగడపు దిబ్బల లోపల ఉండే లగూన్లలో, అంటే లోతు తక్కువ సముద్రపు మడుగుల్లో, గార్డులు కాపలా ఉన్న చోట్ల దిగొచ్చు. పడమటి తీరంలో హెర్మితాజ్, లా సలీన్ అలాంటివే. జెండా, బోర్డు చూడకుండా దిగకండి. "అక్కడెవరో ఈదుతున్నారు కదా" అనేది లెక్కలోకి రాదు.

చూడాల్సినవి పైన ఉన్నాయి. సిలావోస్ అనే కొండ ఊరికి వెళ్ళే ఘాట్ రోడ్డుకి 400 మలుపులని పేరు. వాంతుల మాత్ర మర్చిపోకండి. మఫాత్ లోయకైతే రోడ్డే లేదు. నడిచి దిగాలి, లేదా హెలికాప్టర్ ఎక్కాలి. ఉదయం పది దాటితే మబ్బులు కమ్మేస్తాయి కాబట్టి తెల్లవారుజామునే బయల్దేరాలి. కింద చెమటలు పడుతుంటే అగ్నిపర్వతం దగ్గర పళ్ళు కొట్టుకుంటాయి, ముఖ్యంగా జూన్ నుంచి ఆగస్టు దాకా. స్వెటర్ తప్పనిసరి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. 1966 జనవరిలో ఫోక్-ఫోక్ అనే చోట 24 గంటల్లో 1,825 మిల్లీమీటర్ల వాన పడింది. హైదరాబాద్‌లో రెండేళ్ళకు పడేదాని కంటే ఎక్కువ! రెడ్ అలర్ట్ ఇచ్చారంటే గది దాటి బయటికి రాకూడదు. నన్నడిగితే మే నుంచి అక్టోబరు మధ్యలో వెళ్ళమంటాను.

అపోహ: అగ్నిపర్వతం పేలితే ట్రిప్ పోయినట్టే.

పితోన్ దె లా ఫుర్నేజ్ తరచూ లావా కక్కుతుంది. చాలాసార్లు జనావాసం లేని పెద్ద గుంటలోనే పారుతుంది. ఆ లోపలి దారులు మూసేస్తారు, జనం మాత్రం కార్లేసుకుని దూరం నుంచి చూడటానికి పోతారు. 1977లో లావా పితోన్ సాంత్-రోజ్ ఊళ్ళోకి వచ్చి చర్చి గుమ్మం దాకా పారి ఆగింది. ఆ చర్చి ఇప్పటికీ ఉంది.

అపోహ: ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేయొచ్చు.

హోటల్ కౌంటర్‌లో సరే. బస్సులో, బజారులో ఫ్రెంచ్, లేదంటే క్రియోల్ అనే అక్కడి వాడుక భాష మాత్రమే. ఫోన్‌లో అనువాదం యాప్ ముందే దింపుకోండి. ముందు "బోన్‌జూర్" (మన నమస్కారం లాంటిది) అనకుండా ప్రశ్న అడిగితే మొహం చిట్లిస్తారు. బళ్ళు కుడివైపు నడుస్తాయి. మారిషస్‌లో మనలాగే ఎడమవైపు కాబట్టి అక్కడి నుంచి వచ్చి కారు తీసుకునేవాళ్ళు జాగ్రత్త.

అపోహ: శాకాహారులు పస్తులే.

అక్కడివాళ్ళూ మనలాగే అన్నం తింటారు. పక్కన "కారీ", అంటే మన కూరే. ఎక్కువగా కోడి, పంది, చేప. కానీ దాంతో పాటు పప్పో చిక్కుడు గింజలో, ఒక ఆకుకూర, రుగాయ్ అనే పచ్చడి ఉంటాయి. మునగాకు కూడా వండుతారు! సిలావోస్ పప్పుకి మంచి పేరు. మాంసం వద్దని చెబితే ఇవన్నీ కలిపి ఇస్తారు. అయితే చాలా హోటళ్ళలో వంటగది మధ్యాహ్నం రెండింటికి మూతపడుతుంది. మూడింటికి భోజనం అంటే కుదరదు.

ఈ రుచి ఊరికే రాలేదు. 19వ శతాబ్దంలో చెరకు తోటలకు మద్రాసు వైపు నుంచి వేలమంది కూలీలు వెళ్ళారు. 1828 ప్రాంతంలో మొదట వెళ్ళినవాళ్ళు మన యానాం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళే. వాళ్ళ వారసులని "మలబార్" అంటారు. గుళ్ళు, నిప్పుల మీద నడిచే మొక్కులు ఉన్నాయి. ఇంటిపేరు చూసి తమిళమో తెలుగో మాట్లాడబోకండి, ఎక్కువమందికి రాదు.

ఇక సామాను. పాలకోవా, నెయ్యి, మామిడికాయలు, కరివేపాకు పెట్టెలో పెట్టకండి. కస్టమ్స్‌లో తీసి పారేస్తారు.