పూర్తయ్యాక పంపుతామనకండి: లిబ్రెఆఫీస్ డాక్యుమెంటేషన్‌పై అపోహలు, వాస్తవాలు

ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌ను ఎలా వాడాలో చెప్పే గైడ్లు రాసే పనిలో వలంటీర్లుగా చేరాలనుకునే తెలుగువాళ్లు నాకు తరచూ మెయిళ్లు రాస్తుంటారు. కాలేజీ విద్యార్థులు, బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు, ఉద్యోగ విరమణ చేసి కాస్త తీరిక చిక్కిన పెద్దలు... ఎవరు రాసినా చివర్లో ఒక మాట మాత్రం తప్పకుండా ఉంటుంది: "ఒక అధ్యాయం మొదలుపెట్టానండీ, పూర్తయ్యాక పంపిస్తాను." ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు దిగులు వేస్తుంది. చాలామంది విషయంలో ఆ పూర్తయ్యే రోజు రానే రాదు. వచ్చినవాళ్లలో కూడా కొందరి శ్రమ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. అందుకే మిగతా అపోహలకన్నా ముందు దీని సంగతి చూడాలి.

అపోహ: అంతా రాసి, తప్పులు లేకుండా సరిచూసుకున్నాకే బృందానికి చూపించాలి

వాస్తవం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. మొదటి పేజీ రాయకముందే ఏ అధ్యాయం తీసుకుంటున్నారో చెప్పాలి. సగంలో ఉండగా చూపించాలి. అతుకుల బొంతలా ఉన్నా సరే, చూపించాలి.

డిగ్రీ కాలేజీలో కామర్స్ బోధించే ఒక మేడమ్ గురించి చెప్తాను. లిబ్రెఆఫీస్‌లో లెక్కల పట్టికలు చేసే కాల్క్‌లో పివట్ టేబుళ్ల (పెద్ద పట్టికను క్లుప్తంగా కూర్చి చూపించే పట్టికల) మీద ఆవిడకు మంచి పట్టు ఉంది. వేసవి సెలవులన్నీ కూర్చుని ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చివరిదాకా తిరగరాశారు. సెక్షన్లవారీగా, సబ్జెక్టులవారీగా మార్కుల రిజిస్టరు తయారుచేసి, దాని మీదే ప్రతి మెట్టూ వివరించారు. ఆ ఉదాహరణ చూస్తే పివట్ టేబుల్ అంటే భయపడేవాళ్లకు కూడా ధైర్యం వస్తుంది. తీరా ఆవిడ ఫైలు పంపేసరికి, మరో దేశంలో ఉన్న వలంటీరు అదే అధ్యాయాన్ని కొత్త వెర్షన్‌కు సవరించడం, సమీక్ష జరగడం, అది ప్రచురితం కావడం అన్నీ అయిపోయాయి. ఒకరు చేస్తున్నట్టు మరొకరికి తెలియదు. పైగా ఆవిడ స్క్రీన్‌షాట్లన్నీ పాత వెర్షన్‌వి. మార్కుల ఉదాహరణను ఎలాగైనా తర్వాతి ఎడిషన్‌లో ఇముడ్చుదామని ఎంత చెప్పినా ఆవిడ మనసు విరిగిపోయింది. మళ్లీ రాలేదు. అంత చక్కగా పాఠం చెప్పగల మనిషిని పోగొట్టుకున్నామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆవిడను తప్పుపట్టడానికి లేదు. పరీక్ష హాల్లో జవాబుపత్రం దాచుకుని రాసి, గంట కొట్టాక ఇచ్చినట్టు పని చేయడమే మనందరికీ చిన్నప్పటి నుంచి అలవాటైంది. డాక్యుమెంటేషన్ పని అలా సాగదు. అందుకు గట్టి కారణాలే ఉన్నాయి.

లిబ్రెఆఫీస్‌కు ఏడాదిలో రెండు పెద్ద విడుదలలు ఉంటాయి, ఫిబ్రవరిలో ఒకటి, ఆగస్టులో ఒకటి. 2024 నుంచి వెర్షన్ సంఖ్యల్లోనే ఏడాదీ నెలా కనిపిస్తున్నాయి. 7.6 తర్వాత వచ్చింది 24.2. అంటే మీరు ఒక్కరే కూర్చుని ఆర్నెల్లు రాస్తే, ఆ లోపు సాఫ్ట్‌వేరే ముందుకు జరిగిపోతుంది. టూల్స్ మెనూలో ఆప్షన్స్ తెరిస్తే పాత వెర్షన్లలో ‘లాంగ్వేజ్ సెట్టింగ్స్’ అని ఉండేది, ఇప్పుడు ‘లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్’ అని ఉంది. మనకు ఇది చిన్న మార్పే. గైడు పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో మాటా చూసుకుంటూ మెనూలో వెతుక్కునే కొత్త మనిషికి మాత్రం అక్కడే దారి మూసుకుపోతుంది.

రెండోది స్టైళ్ల (శీర్షిక, పేరా వంటివి ఎలా కనిపించాలో ముందే నిర్ణయించి పేరు పెట్టిన రూపాల) సంగతి. గైడ్లను లిబ్రెఆఫీస్‌లో పత్రాలు రాసుకునే రైటర్‌లోనే, బృందం ఇచ్చే టెంప్లేటుతో ఓడిటి (రైటర్ సొంత ఫార్మాట్) ఫైళ్లుగా రాస్తాం. అధ్యాయాలన్నీ తర్వాత, విడి ఫైళ్లను కలిపే మాస్టర్ డాక్యుమెంటులో చేరి ఒకే పుస్తకమవుతాయి. విషయసూచిక హెడింగ్ స్టైళ్లను చూసి తయారవుతుంది. మీరు శీర్షికను ఎంపిక చేసి, బోల్డ్ చేసి, సైజు 16 పెడితే కంటికి అది శీర్షికలాగే కనిపిస్తుంది. విషయసూచికలో మాత్రం దాని జాడ ఉండదు. ఒక పేజీ రాయగానే చూపిస్తే ఎవరో ఒకరు ఎఫ్11 నొక్కి స్టైళ్ల జాబితా ఎలా వాడాలో, కంట్రోల్+ఎమ్‌తో చేత్తో పెట్టిన ఫార్మాటింగ్‌ను ఎలా తీసేయాలో చెప్తారు. అరవై పేజీలయ్యాక చూపిస్తే ఆ అరవై పేజీలనూ ఎవరో కూర్చుని శుభ్రం చేయాలి. అందుకే అలాంటి ఫైళ్లు నెలల తరబడి పక్కన పడి ఉంటాయి. ‘నేను పంపితే పట్టించుకోలేదు’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. చాలామంది చూపించకపోవడానికి కారణం భయం. సమీక్షకుడు తిప్పి పంపిన ఫైలు తెరవగానే పేజీ నిండా రంగు గీతలు, కొట్టివేతలు, పక్కన వ్యాఖ్యల పెట్టెలు కనిపిస్తాయి. ఇంజనీరింగ్ చదివే ఒకబ్బాయి అలాంటి ఫైలు చూసి రాత్రిపూట నాకు ఫోను చేశాడు. "అన్నా, నా ఇంగ్లీషు ఇంత ఘోరంగా ఉందా? తప్పుకుంటాను" అన్నాడు. ఇద్దరం ఫైలు తెరిచి కూర్చున్నాం. గీతల్లో చాలాభాగం మెనూ పేర్లకు పెట్టాల్సిన క్యారెక్టర్ స్టైల్ గురించే. కొన్నిచోట్ల ‘వినియోగదారుడు ఈ బటన్‌ను నొక్కవలసి ఉంటుంది’ అన్న ధోరణి వాక్యాన్ని ‘ఈ బటన్ నొక్కండి’ అన్న ధోరణిలోకి మార్చారు. ఒకచోట మాత్రం సమీక్షకుడే పొరబడ్డాడు. అబ్బాయి రాసిన మెట్లే సరైనవి. "మరి ఆ మార్పును రిజెక్ట్ చేసి, ఎందుకో వ్యాఖ్యలో రాయి" అన్నాను. అలా చేయవచ్చని ఆ అబ్బాయికి తెలియదు! రాశాడు, మర్నాడు సమీక్షకుడు కృతజ్ఞతలు చెప్పాడు. ఆ గీతలు తీర్పులు కావు. ప్రతి మార్పునూ అంగీకరించే, తిరస్కరించే వీలు ఉన్నది ఇద్దరూ మాట్లాడుకోవడానికే.

ఇది సాఫీగా సాగాలంటే మీ వైపు నుంచి చేయాల్సినవి ఉన్నాయి. ఎడిట్ మెనూలో ట్రాక్ ఛేంజెస్, అందులో రికార్డ్ ఆన్ చేసి ఉంచాలి. కంట్రోల్+షిఫ్ట్+సి నొక్కినా చాలు. అంతకన్నా ముందు టూల్స్, ఆప్షన్స్, లిబ్రెఆఫీస్, యూజర్ డేటాలో మీ పేరు నింపుకోండి. నింపకపోతే మీ మార్పులన్నీ ‘అన్‌నోన్ ఆథర్’ పేరుతో కనిపిస్తాయి. అలాంటివాళ్లు ఇద్దరు ఒకే ఫైలులో పని చేశారంటే ఏ మాట ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. రికార్డ్ చేయడం మరిచిపోయారా? కంగారుపడకండి, పాత ఫైలు ఉంటే అదే మెనూలోని కంపేర్ డాక్యుమెంట్‌తో తేడాలు బయటపడతాయి. మరిచిపోయిన సంగతి చెప్పండి, చాలు.

అపోహ: సాఫ్ట్‌వేరంతా కొట్టినపిండి అయితేనే రాయాలి

తెలియనివాళ్లు మాకు ఎక్కువ కావాలి. మర్యాదకోసం అంటున్న మాట కాదిది.

కొన్నేళ్ల క్రితం ఉపాధ్యాయుల శిక్షణలో ఒక తెలుగు పండితులు నన్ను పిలిచి, "ఏమండీ, స్టైల్‌లో అక్షరాల సైజు పెంచితే ఇంగ్లీషు అక్షరాలు పెరుగుతున్నాయి, తెలుగువి పెరగడం లేదేం?" అని అడిగారు. టూల్‌బార్‌లో పెంచితే పెరుగుతున్నాయి, స్టైల్‌లో పెంచితే లేదు. రైటర్ మన తెలుగును కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ లిపిగా, అంటే అక్షరాలు కలిసి రూపం మారే లిపిగా చూస్తుంది. స్టైల్‌లో పాశ్చాత్య లిపులకు ఒక ఫాంటూ సైజూ, మన లిపికి వేరే ఫాంటూ సైజూ ఉంటాయి. ఆయన కంప్యూటర్‌లో ఆప్షన్స్‌లోని భాషల పేజీలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ పెట్టెకు టిక్కు లేదు. కనుక రెండో ఫాంటు సంగతే తెరమీద కనిపించడం లేదు. టిక్కు పెట్టాం, కనిపించింది, పని అయిపోయింది. నాలాంటివాళ్లకు ఆ టిక్కు ఎప్పుడో పెట్టేసి ఉంటుంది, కనుక ఆ ప్రశ్న మాకు రాదు. ప్రశ్న రాని చోట వివరణా రాయం. గైడులో ఎక్కడ మెట్టు తప్పిందో కనిపెట్టగలిగేది ఆ మెట్టు దగ్గర ఆగిపోయిన మనిషే.

అనుభవజ్ఞులకు కూడా ఇక్కడ ఎవరూ మొత్తం అప్పగించి కూర్చోరు. ఉన్న అధ్యాయాన్ని కొత్త వెర్షన్‌కు సరిచూడడమే పనిలో పెద్ద భాగం. 2010 సెప్టెంబరులో ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ అనే పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్ నుంచి విడివడి లిబ్రెఆఫీస్ మొదలైనప్పుడు తొలి గైడ్లు కూడా శూన్యం నుంచి పుట్టలేదు, ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ 3.3 గైడ్లను సవరించుకున్నవే.

అపోహ: ప్రోగ్రామింగ్ రావాలి

గైడ్లకు అక్కర్లేదు. ఇక్కడ రెండు వేర్వేరు పనులను కలిపేసి జనం బెదిరిపోతున్నారు. గైడ్లు రైటర్‌లో రాసే పుస్తకాలు. ఎఫ్1 నొక్కితే వచ్చే హెల్ప్ వేరు. దాని మూలం ఎక్స్‌ఎంఎల్ రూపంలోని ఎక్స్‌హెచ్‌పి ఫైళ్లలో ఉంటుంది, మార్పులు గెరిట్ అనే కోడ్ సమీక్ష సైటుకు వెళ్తాయి, అనువాదం వెబ్లేట్ అనే అనువాద సైటులో జరుగుతుంది. ట్యాగులు చూసి భయమేసిందంటే మీరు వెళ్లింది రెండో గుమ్మానికి. తెలుగులోకి అనువదించాలనుకుంటే వెబ్లేట్‌లో వాక్యాలు తప్ప కోడ్ రాసే పనే ఉండదు.

అపోహ: ఇంగ్లీషు గొప్పగా రాయాలి

మెట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేవాళ్లు వేరు, భాష దిద్దేవాళ్లు వేరు. రెండూ ఒక్కరే చేయనక్కర్లేదు. లిబ్రెఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రామ్ బేస్ గైడు మొదట జర్మన్‌లో పుట్టి, తర్వాత ఇంగ్లీషులోకి వచ్చింది.

అపోహ: ఉచిత సాఫ్ట్‌వేర్ కదా, ఎక్కడి నుంచైనా తెచ్చి అతికించవచ్చు

కూడదు. ఇందులో నాకు ఓపిక లేదు, క్షమించండి. గైడ్లు జిపిఎల్ 3 లేదా ఆ తర్వాతి వెర్షన్, లేదంటే క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లేదా ఆ తర్వాతి వెర్షన్ అనే స్వేచ్ఛా లైసెన్సుల కింద వెలువడతాయి. వేరే కంపెనీ సహాయ పేజీల్లోంచి ఒక్క పేరా ఎత్తి పెట్టినా, ఆ అధ్యాయం మీద పని చేసిన అందరి శ్రమా చిక్కుల్లో పడుతుంది. యంత్రానువాదాన్ని దిద్దకుండా పంపడం కూడా ఇలాంటిదే. మెనూలో ఒక మాట, గైడులో మరో మాట ఉంటే ఆ గైడు ఎవరికి ఉపయోగం?

"మనం రాసింది ఎవరో అమ్ముకుంటారట కదా" అనీ అడుగుతుంటారు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు అమ్ముకోవడానికి అనుమతిస్తుంది. రచయితలను పేర్కొనాలన్నది షరతు. పిడిఎఫ్ మాత్రం అందరికీ ఉచితంగానే ఉంటుంది. ఇది ముందే తెలుసుకుని, మనసుకు నచ్చితేనే రండి.

అపోహ: డాక్యుమెంటేషన్ వాళ్లకు విలువ ఉండదు, పేరు కూడా రాదు

ప్రతి అధ్యాయం మొదట్లో ఈ ఎడిషన్‌కు పని చేసినవాళ్ల పేర్లు, పాత ఎడిషన్లవాళ్ల పేర్లు వేర్వేరుగా ఉంటాయి. లిబ్రెఆఫీస్‌ను నడిపే సంస్థ, బెర్లిన్‌లో నమోదైన ది డాక్యుమెంట్ ఫౌండేషన్‌లో సభ్యత్వానికి కోడ్ రాసేవాళ్లతో పాటు డాక్యుమెంటేషన్, అనువాదం చేసేవాళ్లూ అర్హులే. కనీసం మూడు నెలల పని చూపించి, మరో ఆరు నెలలు కొనసాగుతామని మాట ఇవ్వాలి. ఫౌండేషన్ డైరెక్టర్ల బోర్డును ఎన్నుకునేది ఆ సభ్యులే.

ఇక చేరాలనుకునేవాళ్లు ఇలా చేయండి. గైడులోంచి మీకు రోజూ అవసరమయ్యే రెండు మూడు పేజీలు తీసుకోండి. మీ కంప్యూటర్‌లో లిబ్రెఆఫీస్ తెరిచి, రాసింది రాసినట్టు ఒక్కో మెట్టూ చేసి చూడండి. పేరు మారిన మెనూ, కనిపించని బటన్, అర్థంకాని వాక్యం ఏది తగిలినా రాసిపెట్టుకోండి. ఒకటి దొరకగానే బృందానికి మెయిలు పంపండి, రెండోదాని కోసం ఆగకండి. అందులో పుస్తకం పేరు, అధ్యాయం, పేజీ, మీరు వాడుతున్న వెర్షన్ ఉంటే చాలు. ఆ వెర్షన్ హెల్ప్ మెనూలోని అబౌట్ లిబ్రెఆఫీస్‌లో కనిపిస్తుంది.