మోకాలు మడిచే మెషీన్ చవగ్గా చెయ్యొచ్చు, కానీ మోటార్ దగ్గర జాగ్రత్త

ఎముక అతుక్కోవడం ఒక ఎత్తు, కాలు మళ్లీ మడవడం ఇంకో ఎత్తు. బైక్ మీంచి పడి మోకాలికి ఆపరేషన్ అయినాయన్ని చూడండి, వారాల తరబడి కదలకుండా ఉంటే జాయింట్ చుట్టూ పొరలు బిగుసుకుపోతాయి, తొడ కండ కరిగిపోతుంది, ఇంక రోజూ ఫిజియో చేయించుకోవాల్సిందే. బర్డ్, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు ఉన్న తిరుపతిలో ఉండేవాళ్లకి పర్లేదు, పలమనేరు అవతల పల్లె నుంచి కుంటుకుంటా రోజూ బస్సెక్కి ఎవరొస్తారు, నాలుగు రోజులొచ్చి మానేస్తారు.

మెషీన్‌తో కాలు ఆడించే ఆలోచన పాతదే. కెనడాలో రాబర్ట్ సాల్టర్ అనే ఎముకల డాక్టర్ 1970ల్లో కుందేళ్ల మీద ప్రయోగాలు చేసి, జాయింట్‌ని ఆపకుండా మెల్లగా కదిలిస్తా ఉంటే లోపలి మృదులాస్థి బాగా మానుతుందని చూపించాడు. అట్లా వచ్చిందే సీపీఎం (కంటిన్యువస్ పాసివ్ మోషన్) మెషీన్, పేషెంట్ ఊరికే పడుకుంటే అదే కాలిని ఆపకుండా మడుస్తా చాపుతా ఉంటుంది. అయితే మోకీలు మార్పిడి చేయించుకున్నోళ్ల మీద జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే దాంతో అదనంగా వచ్చిన మడత సుమారు 2 డిగ్రీలే! కారణం బహుశా ఇదే, అక్కడ పని మెషీన్ చేస్తోంది, కండ పడుకోనుంది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో 1990ల్లో పక్షవాతం వచ్చినోళ్ల చేతుల కోసం చేసిన మానస్ రోబో దీన్ని తిరగేసింది, పేషెంట్ ముందు తనంతట తాను కదపాలి, ఆగిపోయిన చోట మాత్రమే రోబో చెయ్యందిస్తుంది.

సరే, చవగ్గా మనమే చేద్దాం అంటే మొదటి చిక్కు బలం. 60 కిలోల మనిషికి మోకాలి కింద భాగం బరువు దాదాపు 3.6 కిలోలు, ఆ బరువు మోకాలికి ఓ 25 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. కుర్చీలో కూర్చుని కాలు నేరుగా చాపి పట్టుకోవాలంటే 90 కిలో-సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. పిల్లల ప్రాజెక్టుల్లో వాడే చిన్న సర్వో మోటార్ గట్టిగా తంటాలు పడితే 10 ఇస్తుంది. దాంతో చాలామంది కారు వైపర్ మోటార్ పెట్టేస్తారు, బలం సరిపోతుంది, కానీ దాంట్లో ఉండేది వార్మ్ గేర్, అవతలి నుంచి తోస్తే కదలదు. నొప్పికి కండ పట్టేసి పేషెంట్ కాలు వెనక్కి లాక్కుంటే ఆ మోటార్ వదలదు, అదీ అసలు భయం.

దీనికి ఎంఐటీ వాళ్లే 1995లో ఒక దారి చూపించారు, మోటార్‌కీ జాయింట్‌కీ మధ్య ఒక స్ప్రింగ్. స్ప్రింగ్ ఎంత సాగిందో కొలిస్తే కాలి మీద ఎంత బలం పడుతోందో తెలిసిపోతుంది, హద్దు దాటగానే మోటార్ ఆపేయొచ్చు. కొలవడానికి పాత రేడియో వాల్యూమ్ నాబ్‌లో ఉండే పొటెన్షియోమీటర్ లాంటిది చాలు. పేషెంట్ చేతిలో ఒక స్టాప్ బటన్, డాక్టర్ చెప్పిన డిగ్రీ దగ్గర ఒక ఇనప అడ్డు కూడా ఉండాల్సిందే, సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకుని కాలు పెట్టకూడదు. ఇంకోటి, మోకాలు తలుపు బందులాగా ఒకే చోట తిరగదు, తొడ ఎముక దొర్లుతా జారుతా ఉంటుంది కాబట్టి ఒకే బోల్టు మీద బిగించిన పట్టీ కాసేపటికే పక్కకి జరిగి చర్మం ఒరిసిపోతుంది.

నన్నడిగితే చాలామందికి అసలు మోటారే అక్కర్లేదు. తొడకొకటి, పిక్కకొకటి కొన్ని వందల రూపాయల్లో దొరికే మోషన్ సెన్సర్ కట్టి, రెండింటి మధ్య కోణం ఫోన్‌కి పంపిస్తే ఇంట్లో ఎన్నిసార్లు చేశాడో, ఎంత మడిచాడో ఫిజియో తన సీట్లోంచే చూస్తాడు. మామూలుగా నడవడానికి 60-70 డిగ్రీలు, మెట్లకి 80-90 సరిపోతాయి, కానీ బాసింపట్టు వేసుకుని కింద కూర్చుని తినాలంటే 110 దాటాలి. సార్, మెట్లెక్కి కొండకి పోగలనా అనేది ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్న. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దానికి మడత ఒక్కటే చాలదు, తొడ కండకి బలం కావాలి, అది తనంతట తాను చేస్తేనే వస్తుంది.

మోటార్ పెట్టే తీరాలనుకునే ఇంజినీరింగ్ పిల్లలకి ఒకటే మాట, ముందు చెక్క కాలు చేసి దానికి 4 కిలోల ఇసక మూట కట్టి వారం రోజులు ఆడించండి, మధ్యలో కరెంటు పీకి చూడండి, కాలు ఠక్కున కింద పడుతోందా, మెల్లగా దిగుతోందా. ఆ తర్వాతే, మనుషుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గరికి కాగితాలు పట్టుకెళ్లండి.