చేటలో ఏరి పారేసిన ‘ప్లాస్టిక్’ గింజ

పరకాల దగ్గర మా చిన్నమ్మ రేషన్ బియ్యం చెరిగేటప్పుడు కొన్ని గింజలు ఏరి పక్కన పడేసేది. మిగతావాటికన్నా రంగు కొంచెం తేడా, నీళ్లలో వేస్తే తేలేవి. “గీ ప్లాస్టిక్ బియ్యం ఎవలు తింటరు బిడ్డా?” అనేది. ఊళ్లో అందరిదీ అదే మాట. బస్తా వచ్చింది గానీ, ఆ గింజ సంగతి చెప్పే మనిషి రాలేదు మరి.

అదీ బియ్యమే. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 అనే విటమిన్లు కలిపి తడిపి, మురుకుల గొట్టం లాంటి యంత్రంలోంచి గింజల్లా వత్తి ఆరబెడతారు. ఈ గింజలను మామూలు బియ్యంలో కిలోకు పది గ్రాములు కలుపుతారు. లోపల గాలి సందులు మిగిలితే తేలుతుంది. ఉడికాక వేళ్ల మధ్య నలిపితే మెత్తగా పిండవుతుంది, ప్లాస్టిక్ అలా కాదు.

ఫోలిక్ ఆమ్లాన్ని రసాయనికంగా తయారుచేయొచ్చు. 1940లలో ఆ పని సాధించిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ బృందానికి పెద్ద, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. బి12 మాత్రం మొండిది. నడుమ కోబాల్ట్ అనే లోహం, చుట్టూ చిక్కుముడి. రసాయన శాస్త్రవేత్తలు వుడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ బృందాలు దాన్ని ప్రయోగశాలలో కట్టడానికి పదేళ్లకు పైగా పట్టింది, 1972 దాకా. ఆ దారిన ఊళ్లకు సరిపడా తయారుకాదు. అదే పనిని కంటికి కనిపించని బ్యాక్టీరియా రోజూ చేస్తుంది. మొక్కలకు, జంతువులకు ఆ విద్య లేదు. అందుకే కర్మాగారాల్లో పెద్ద ఉక్కు తొట్లలో బ్యాక్టీరియాను పెంచి, చక్కెర, చిటికెడు కోబాల్ట్ లవణం మేపి బి12 పిండుకుంటారు. ఎక్కువ ఇచ్చే రకాలను తరాల తరబడి ఏరుకుంటూ వచ్చారు, మనం విత్తనం ఏరుకున్నట్టే.

అలాగని ఈ గింజ సర్వరోగ నివారిణేం కాదు. పెద్దవాళ్లకు రోజుకు రెండు మైక్రోగ్రాములకు పైగా బి12 కావాలి, అరకిలో బియ్యంలో దొరికేది అర మైక్రోగ్రాము అటూఇటూ. మిగతాది పాలు, పెరుగు, గుడ్డు, మాంసం నుంచి రావాల్సిందే. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవాళ్లు ఇనుము విషయంలో ముందు డాక్టరును అడగాలి.

ఇదంతా చెప్పి, గంజి వంపితే విటమిన్లు కొంత పోతాయి, వంపకు చిన్నమ్మా అన్నాను. “మరి బర్రెకు కుడితెట్ల?” అంది. నిజానికి ఆ బర్రెకు మన బి12తో పనిలేదు. దాని పొట్టలోనే బ్యాక్టీరియా తొట్టి ఉంది, అక్కడ తయారైన బి12 కొంత పాలలోకి దిగుతుంది. చిన్నమ్మ రోజూ పొద్దున తోడేసే పెరుగులో ఉన్నది అదే.