నల్ల క్లే మీద జీరంగి మెరుపు

జీరంగి అనే పెంకుపురుగు వీపు ఎదురుగా చూసినప్పుడు ఆకుపచ్చగా మెరుస్తుంది. కొంచెం ఏటవాలుగా తిప్పితే అదే చోట నీలం ఛాయ తేలుతుంది. చూసే కోణాన్ని బట్టి మారే ఇలాంటి రంగు మామూలు పెయింటుతో రాదు. ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడే పాలిమర్ క్లేతో, పూసలతో పురుగుల ఆకారంలో లాకెట్లు, చెవిదుద్దులు, బ్రోచ్‌లు చేసేవారికి ఆకారం నాలుగైదు ప్రయత్నాల్లో చేతికి పట్టుబడుతుంది గానీ, ఈ మెరుపు మాత్రం అది ఎలా పుడుతుందో తెలిస్తే తప్ప లొంగదు.

నా మొదటి జీరంగిని నేను తెల్ల క్లేతో చేశాను. డబ్బాలో దాదాపు తెల్లగా ఉండి, వెలుగులో ఆకుపచ్చగా తళుక్కుమనే మైకా పౌడర్‌ను వేలితో దాని మీద రుద్ది, ఓవెన్‌లో కాల్చి తీస్తే అది పాలిపోయి కనిపించింది. అదే పొడి, బల్ల మీద పక్కనే పడి ఉన్న నల్ల క్లే ముక్కకు అంటుకున్న చోట మాత్రం నిజమైన పురుగు పెంకులా నిగనిగలాడుతోంది. పొడి ఒకటే, దాన్ని రుద్దిన వేలూ ఒకటే. అడుగున ఉన్న రంగు ఒక్కటే వేరు.

ఈ పొడిలోని ప్రతి రేణువూ ఒక పల్చటి అభ్రకపు రేకు. దాని మీద టైటానియం డయాక్సైడ్ పూత ఉంటుంది. పడిన కాంతిలో కొంత ఆ పూత పైతలం నుంచి, మరికొంత లోపలికి వెళ్లి అడుగుతలం నుంచి వెనక్కి వస్తుంది. ఈ రెండు తరంగాలూ కలిసేటప్పుడు శృంగం (అల ఎత్తు) మీద శృంగం పడిన రంగు బలపడుతుంది, శృంగం ద్రోణిలో (అల పల్లంలో) పడిన రంగు అణగిపోతుంది. దీనినే వ్యతికరణం అంటారు. పూత మందం 40 నుంచి 60 నానోమీటర్లుంటే వెండి తెలుపు కనిపిస్తుంది. మందం పెంచుతూ పోతే వరుసగా బంగారు రంగు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ వస్తాయి. తల వెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుందని గుర్తుంచుకుంటే, ఇక్కడ రంగును నిర్ణయిస్తున్నది ఎంత స్వల్పమైన తేడాయో తెలుస్తుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన రకాలకు సొంత రంగు కూడా ఉంటుంది కాబట్టి అవి తెల్ల క్లే మీదా కనిపిస్తాయి, కానీ వాటిలో కోణంతో రంగు మారే గుణం అంతగా ఉండదు.

రేకు ఆకుపచ్చను వెనక్కి పంపినప్పుడు, మిగిలిన రంగుల కాంతి దానిలోంచి కిందికి దిగుతుంది. అడుగున తెల్ల క్లే ఉంటే ఆ కాంతి కూడా తిరిగి పైకి వచ్చి, ఆకుపచ్చతో కలిసి దాన్ని తెలుపులో ముంచేస్తుంది. నల్ల క్లే ఉంటే దాన్ని మింగేస్తుంది. జీరంగి పెంకులోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు ఉంది. వక్రీభవన గుణకాలు (కాంతిని వంచే స్థాయిలు) వేరుగా ఉన్న అతి సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటి అడుగున మెలనిన్ అనే ముదురు వర్ణకం ఉంటుంది. మార్ఫో సీతాకోకచిలుక నీలం వెనక ఉన్నదీ మెలనినే. పొరలు చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం రంగు వెలిసిపోదు. జర్మనీలోని మెస్సెల్ వద్ద దొరికిన, సుమారు 4.7 కోట్ల ఏళ్ల నాటి పెంకుపురుగుల శిలాజాలు ఇప్పటికీ లోహంలా మెరుస్తున్నాయి. కాంతి వేగాన్ని కొలిచిన మైకెల్సన్ కూడా ఈ మెరుపుకు ఆకర్షితుడై, 1911లో పక్షుల, కీటకాల లోహవర్ణాల మీద పరిశోధన ప్రచురించాడు.

పొడి రేకులు పెంకులతో కప్పిన ఇంటిపైకప్పులా బల్లపరుపుగా పడుకుంటేనే కాంతి ఒకే దిక్కుకు వస్తుంది. అందుకే పచ్చి క్లే మీద పొడిని చల్లి వదిలేయకుండా, వేలి కొసతో ఒకే వైపుకు మెల్లగా రుద్దాలి. కాల్చాక వార్నిష్ వేస్తే మెరుపు పోతుందేమోనని చాలామంది జంకుతారు, ఆ భయానికి కొంత ఆధారం ఉంది. మార్ఫో రెక్క మీద ఆల్కహాల్ చుక్క వేస్తే, పొలుసుల లోపల గాలి ఉండే ఖాళీలు నిండిపోయి నీలం కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది. ఆరిపోయాక మళ్లీ నీలం వస్తుంది. కానీ మన పొడి మీది టైటానియం డయాక్సైడ్ వక్రీభవన గుణకం దాదాపు 2.5, వార్నిష్‌ది దాదాపు 1.5. ఈ తేడా వల్ల మన క్లే పురుగు వార్నిష్ కింద కూడా మెరుస్తూనే ఉంటుంది.

పాలిమర్ క్లే నిజానికి మట్టి కాదు. అది ప్లాస్టిసైజర్ ద్రవంతో మెత్తబడిన పీవీసీ రేణువుల ముద్ద. చాలా రకాల్లో ఆ రేణువులు 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆ ద్రవాన్ని పీల్చుకుని, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. వేడి చాలకపోతే సన్నని భాగాలు పుటుక్కున విరుగుతాయి. మరీ మించితే క్లే మాడి, హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వస్తుంది. కాబట్టి ఓవెన్ మీది అంకెలను నమ్మకుండా లోపల విడిగా థర్మామీటర్ పెట్టడం మంచిది. గాజు పూసలు ఈ వేడిని తట్టుకుంటాయి, ప్లాస్టిక్ పూసలు వంకరపోవచ్చు.

కాళ్లను తీగకు పూసలు గుచ్చి చేసేటప్పుడు వాటిని ఎక్కడ నాటుతున్నామో చూసుకోవాలి. పై నుంచి చూస్తే పెంకుపురుగు వెనక కాళ్లు పొట్ట నుంచి వచ్చినట్లు కనిపిస్తాయి. తిరగేసి చూస్తే ఆరు కాళ్లూ ఉరం (తలకూ పొట్టకూ మధ్య భాగం) నుంచే బయల్దేరుతాయి. ఆ భాగాన్ని రెక్కతొడుగులు కప్పేయడం వల్లే మనం పొరబడతాం. కళ్లకు ఇంద్రధనుస్సు మెరుపు పూత ఉన్న పారదర్శకమైన గాజు పూసలు బాగా నప్పుతాయి. ఆ పూత కూడా పల్చటి పొరే, దాని రంగూ వ్యతికరణమే. తెల్ల క్లేలో గుచ్చితే నీటిబొట్టులా ఉండిపోయే పూస, నల్ల క్లేలో చిన్న గుంట చేసి అందులో కూర్చోబెడితే ఊదా, ఆకుపచ్చ మెరుపులతో తూనీగ కన్నులా వెలుగుతుంది.