ఏ రంగు దారం కావాలో ఆమెనే ఎంచుకోనివ్వండి: అపోహలు - వాస్తవాలు

ఇంట్లో హింస అనుభవించి బయటపడుతున్న ఆడవాళ్లతో కలిసి కూర్చుని కుట్టడం, బొమ్మలు వేయడం, పాడుకోవడం విజయవాడలో నా పని. కౌన్సెలింగ్ చదువుకున్నాను. కుట్టుపని మా అమ్మ నేర్పింది. ఈ పని గురించి చెప్పగానే "అయ్యో పాపం" అనేవాళ్లు కొందరు, "దీంతో ఏమొస్తుందండీ" అనేవాళ్లు ఎక్కువమంది. రెండోవాళ్లతోనే నాకు మాట్లాడటం తేలిక. తరచూ వినపడే మాటలు కొన్ని తీసుకుని, నాకు తెలిసింది రాస్తున్నాను. ఇందులోని ఉదాహరణలు ఏ ఒక్కరి కథా కాదు. గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు.

అపోహ: దెబ్బలు తిన్న మనిషికి సూదీ దారం ఇస్తే ఏం ఒరుగుతుంది? అంతా కాలక్షేపం.

కాలక్షేపమే అనుకుందాం. కూరలో ఉప్పు దగ్గర్నుంచి పుట్టింటికి ఫోన్ చేయడం దాకా ప్రతిదానికీ ఒకరి మొహం చూసి బతికిన మనిషికి, ఎవరి మొహమూ చూడక్కర్లేని రెండు గంటలు దొరకడం చిన్న సంగతి కాదు.

బొంత కుట్టే రోజు పాత చీరల ముక్కలు, పెడన కలంకారీ, మంగళగిరి కట్‌పీసులు బల్ల మీద కుప్పపోస్తాం. "మీకు నచ్చింది తీసుకోండి" అంటాం. కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది తీసుకోరు. "మీరే ఇవ్వండి మేడమ్", "ఏదైనా పర్లేదు" అంటారు. తీసుకున్నా, తప్పేమోనని పక్కావిడ వైపు చూస్తారు. ఆ చూపు పోవడానికే వారాలు పడుతుంది. తర్వాతెప్పుడో ఒకరోజు, "ఈ ఆకుపచ్చ నాకొద్దు, ఆ వంగపండు రంగు ఇటివ్వండి" అని వినపడుతుంది. బయటివాళ్లకి అదేమీ కాదు. మేం ఎదురుచూసేది దానికోసమే.

ఎందుకంటే దెబ్బ హింసలో ఒక భాగం మాత్రమే. ఏం కట్టుకోవాలి, ఎవరితో మాట్లాడాలి, ఎప్పుడు పడుకోవాలి అన్న నిర్ణయాలన్నీ ఇంకొకరు లాగేసుకోవడం అసలు హింస. కోలుకోవడంలో మూడు దశలుంటాయని అమెరికా మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లోనే చెప్పారు. ముందు భద్రత, తర్వాత జరిగినదాన్ని తలుచుకుని దుఃఖపడటం, ఆపైన మళ్లీ మనుషుల్లో కలవడం. వీటన్నిటికీ మొదటి షరతు, పగ్గాలు ఆమె చేతికే తిరిగి రావడం. అందుకే డిజైన్ గీసిచ్చి "ఇలా కుట్టండి" అనే తరగతిని నేను ఈ పనిలో కలపను. ఆ తరగతి మంచిదే, కానీ అక్కడ కూడా చెప్పేది ఇంకొకరే.

ఇంకో లాభం ఉంది. సూది బెజ్జంలో దారం ఎక్కించేవాళ్లు ఒకరి కళ్లలోకి ఒకరు చూడక్కర్లేదు. మాట వస్తే వస్తుంది. రాకపోతే కుట్టు ఎలాగూ సాగుతుంది.

అపోహ: మనసులోది బయటికి కక్కేస్తే బరువు దిగుతుంది. ముందు మాట్లాడించాలి.

ఇది సానుభూతి ఉన్నవాళ్ల నోటి నుంచే వస్తుంది, అందుకే దీంతో ఎక్కువ చిక్కు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, తమ జీవితంలోని చేదు అనుభవాల గురించి రాయించారు. ఆ తర్వాతి నెలల్లో వాళ్లు హెల్త్ సెంటర్‌కి వెళ్లడం తగ్గింది. అందరూ చెప్పుకునేది ఇదే. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా పాడైంది, బీపీ పెరిగింది. ఈ ముక్క ఎవరూ చెప్పరు. పైగా వాళ్లు హాస్టల్ గదికెళ్లి దుప్పటి కప్పుకోగల పిల్లలు. మా దగ్గర్నుంచి వెళ్లే ఆవిడ సాయంత్రం ఆరింటికల్లా అత్తగారింట్లో కుక్కర్ పెట్టాలి. ఆమె మనసు తెరిచి వదిలేసి, "వచ్చే శనివారం కలుద్దాం" అని నేను తాళం వేసుకోవడం న్యాయం కాదు.

కాబట్టి మేం అడగం. "ఏం జరిగింది?" అనే ప్రశ్న ఆ గదిలో ఉండదు. ఆమె తనంతట తాను మొదలుపెడితే వింటాం, ఆపితే ఆగుతాం. కళ్లు మూసుకోమని చెప్పం. తలుపు కనపడేలా కూర్చోవాలనుకునేవాళ్లకి ఆ కుర్చీ వదులుతాం. స్పిరిట్ వాసన వచ్చే మార్కర్లు వాడం, ఆ వాసనకి కొందరికి రాత్రి తాగొచ్చే మనిషి గుర్తొస్తాడు. పాటలు పెట్టేముందు అడుగుతాం, ఎందుకంటే కొట్టేముందు టీవీ సౌండ్ పెంచే మగవాళ్లున్నారు, ఆ పాటలు వీళ్ల చెవుల్లో ఉండిపోతాయి. ఎవరికైనా ఊపిరి బిగుసుకుపోతే పాదాలు నేలకి ఆన్చి, గదిలో ఎర్రగా ఉన్నవి ఐదు చూపించమంటాం. మనసు ఆ రాత్రిలోంచి ఈ గదిలోకి రావడానికి అది చాలాసార్లు సరిపోతుంది.

చెప్పకుండానే చెప్పే దారి మన ఆడవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. దంపుళ్ల పాటల్లో, తిరగలి పాటల్లో తమ దుఃఖాన్ని సీత మీదో ఊర్మిళ మీదో పెట్టి పాడుకున్నారు. "నాకు జరిగింది" అనక్కర్లేదు. మేం కూడా "ఒక ఊళ్లో ఒకావిడ ఉండేది" అని మొదలుపెట్టి తలా ఒక వాక్యం కలుపుతాం. ఆ ఒకావిడ నోట మా వాళ్లు పలికించే తిట్లు వింటే మీరు నవ్వకుండా ఉండలేరు.

అపోహ: నాకు బొమ్మలు రావండీ.

రానక్కర్లేదు. 2016లో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు బొమ్మలు, బంకమట్టి పని చేయించి చూస్తే, దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. ముందే కళ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా కనపడలేదు. అదొక చిన్న అధ్యయనం, పైగా అందులో పాల్గొన్నది హింస నుంచి బయటపడినవాళ్లు కాదు, మామూలు మనుషులు. దీన్ని పట్టుకుని గొప్పలు చెప్పుకోకూడదు.

అపోహ: ఆయన చెయ్యి చేసుకోలేదుగా, మరి హింస ఎలా అవుతుంది?

2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం (2005) మూడో సెక్షన్ చదవండి. శారీరక, లైంగిక హింసతో పాటు మాటలతో, మానసికంగా హింసించడం, ఆర్థికంగా కట్టిపడేయడం కూడా అందులో ఉన్నాయి. ఆమె పుట్టింటివాళ్లు పెట్టిన బంగారాన్ని అడక్కుండా తాకట్టు పెట్టడం, జీతం కార్డు లాక్కోవడం, ఖర్చులకి ఇవ్వకపోవడం ఆ కోవలోకే వస్తాయి. పెళ్లైన ఆడవాళ్లకే కాదు, తల్లికీ అక్కచెల్లెళ్లకీ పెళ్లిలాంటి సహజీవనంలో ఉన్నవాళ్లకీ ఈ చట్టం వర్తిస్తుంది. ఇల్లు ఆమె పేరు మీద లేకపోయినా అందులో ఉండే హక్కు 17వ సెక్షన్ ఇస్తుంది. లాయరు ఫీజు గురించి భయపడక్కర్లేదు, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది. దాని నంబరు 15100.

ఇవన్నీ నేను క్లాసు పీకినట్టు చెప్పను. కుడుతుండగా ఎవరో ఒకరు "మా ఆయన ఏటీఎం కార్డు ఇవ్వడు" అంటారు, ఇంకొకరు "మా ఆయనా అంతే" అంటారు. అప్పుడు చెబితే నాటుకుంటుంది.

అపోహ: ఇంట్లోంచి వచ్చేసింది, ఇక భయం లేదు.

చాలామందికి అత్యంత ప్రమాదకరమైన కాలం విడిపోయే ముందూ, విడిపోయిన వెంటనే. పట్టు జారిపోతోందని తెలిసినప్పుడే అవతలి మనిషి తెగిస్తాడు. కాబట్టి ఇలాంటి గుంపు ఎవరు నడిపినా, రంగులూ దారాలూ కొనేముందు ఆలోచించాల్సింది ఇదీ:

గది బయట బోర్డు మీద "గృహహింస" అన్న మాట ఉండకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 18-49 ఏళ్ల మధ్య పెళ్లైన ఆడవాళ్లలో దేశంలో 29 శాతం మంది, మన రాష్ట్రంలో సుమారు 30 శాతం మంది భర్త చేతిలో హింస చూశారు. హింసకు గురైనవాళ్లలో సాయం అడిగినవాళ్లు దేశం మొత్తం మీద 14 శాతమే. అలాంటప్పుడు అంత పెద్ద అక్షరాల కిందనుంచి ఎవరు లోపలికొస్తారు? "కుట్టు క్లాసు" అంటే సింగ్‌నగర్ నుంచైనా కృష్ణలంక నుంచైనా ధైర్యంగా వస్తారు.

వాట్సాప్ గ్రూపు పెట్టకండి. పెట్టక తప్పకపోతే పేరు, ఫొటో, మెసేజీలు అన్నీ ఆయన చూస్తాడనే అనుకుని పెట్టండి. లొకేషన్ షేరింగ్ ఆపడం నేర్పండి, కానీ ఆపడం వల్ల గొడవ వస్తుందేమో ముందు ఆమెనే అడగండి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి ఉచిత బస్సు మొదలయ్యాక ఛార్జీకి లెక్క చెప్పే బాధ తప్పింది, మా దగ్గరికి రావడం చాలామందికి తేలికైంది. అయినా టికెట్ సంచిలో ఉంచుకుని ఇంటికెళ్లవద్దనే చెబుతాను. వేసిన బొమ్మలు, రాసిన కాగితాలు మా బీరువాలోనే ఉంటాయి.

వెంటనే ప్రమాదం ఉంటే 112. మహిళల హెల్ప్‌లైన్ 181. 2015 నుంచి నడుస్తున్న సఖి వన్‌స్టాప్ సెంటర్లలో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహాతో పాటు 5 రోజుల వరకు ఉండే వీలుంటుంది.

అపోహ: వాళ్లు చేసినవి ఎగ్జిబిషన్ పెడితే సమాజంలో అవగాహన వస్తుంది.

మార్చి 8 దగ్గరపడుతుంటే ఈ ఫోన్లు మొదలవుతాయి. హాలు మాదే, బ్యానరు మాదే, మీరు "ఇద్దరు ముగ్గురు బాధితుల్ని" తీసుకురండి అంటారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. చేసినవాళ్లు ఒప్పుకోకుండా ఏదీ గది దాటకూడదు. ఒప్పుకున్నా చివరి నిమిషంలో వద్దనే హక్కు ఉండాలి. "ఇంత చేసిన మేడమ్ అడిగితే కాదంటామా" అనే ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

ప్రదర్శనకి బలం లేదని నేననను. చిలీలో 1973 సైనిక కుట్ర తర్వాత, మాయమైపోయిన తమవాళ్ల గురించి ఆడవాళ్లు గోనెగుడ్డ మీద రంగుల పీలికలు కుట్టి ప్రపంచానికి చెప్పారు. ఇక్కడ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల్లో తాగుబోతు భర్త గురించిన పాఠం చదివిన ఆడవాళ్లే సారా మీదికి లేచారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. కానీ రెండు చోట్లా అది వాళ్లంతట వాళ్లు తీసుకున్న నిర్ణయం. బయటినుంచి ఎవరో వచ్చి వేదిక ఎక్కించలేదు.

అమ్మకం సంగతీ అంతే. బెంజి సర్కిల్‌లో స్టాల్ పెడదామని మా వాళ్లే కొందరు అడిగారు. మంచిదే, డబ్బు అవసరం నిజం. దాన్ని వేరే రోజు, వేరే లెక్కతో నడుపుతున్నాం. ఆర్డరు గడువు గదిలోకి వచ్చిందంటే వంకర కుట్టు మళ్లీ తప్పైపోతుంది.

అపోహ: ఇది చేస్తే డాక్టరు అక్కర్లేదు.

అక్కర్లేదని ఎవరైనా చెబితే వాళ్ల దగ్గరికి వెళ్లకండి. రోజుల తరబడి నిద్ర లేకపోవడం, చచ్చిపోవాలనిపించడం, పిల్లల్ని కూడా చూసుకోలేకపోవడం ఉంటే సైకియాట్రిస్టు కావాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.

అపోహ: మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లిపోయింది. మీ శ్రమంతా వృథా.

పిల్లల స్కూలు, అద్దె, అమ్మానాన్నల పరువు, పెద్దమనుషుల పంచాయతీ, కొంత ప్రేమ కూడా. వెళ్లడానికి కారణాలు ఆమెకుంటాయి. చాలామంది ఒక్కసారికే పూర్తిగా బయటపడరు. వెళ్లమనీ, వెళ్లొద్దనీ మేం చెప్పం. రాజీ కుదర్చమని బంధువులు వస్తే గుమ్మంలోనే పంపేస్తాం. తిరిగి వచ్చినప్పుడు "మేం చెప్పలేదా" అనే మాట మా నోట రాకూడదు, ఆమె ఇంట్లో రోజూ వినే మాట అదే.

అపోహ: ఇలాంటిది నడపాలంటే ఫండింగ్ కావాలి.

గుడ్డకీ దారానికీ పెద్దగా కాదు. వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్లో కట్‌పీసులు కిలోల్లో దొరుకుతాయి, పాత చీరలు అడిగితే ఎవరైనా ఇస్తారు. టీ, బిస్కెట్లు ఎలాగో నడుస్తాయి. డబ్బు పెట్టాల్సింది పిల్లల దగ్గర. పక్క గదిలో వాళ్లని చూసుకునే మనిషికి తప్పనిసరిగా జీతం ఇవ్వండి. వాలంటీరు అయితే రెండు వారాలొచ్చి మానేస్తుంది, ఆ వారం నుంచి చంటిపిల్లల తల్లులు ఒక్కరూ రారు.