అరుగు మీది బడి: మనవళ్లకు, మనవరాళ్లకు ఒక ఉత్తరం

చిరంజీవులకు అనంతపురం నుంచి తాత ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు, ‘పూర్వం అన్నీ సర్కారు బడులే కదా తాతా, ప్రైవేటు బడులు ఈమధ్య వచ్చినవే కదా’ అని అడిగారు. అన్నాల వేళ కావడంతో తల ఊపి ఊరుకున్నాను. నిజానికి జరిగింది దానికి తలకిందులు.

మన అనంతపురం 1882 దాకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లా కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసుకు పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు లెక్కకు వచ్చారు. వాటిలో ఒక్కదానికైనా ప్రభుత్వ సాయం అందడం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానని ఆయనే రాశారు. అంటే అయ్యవారికి తల్లిదండ్రులిచ్చే జీతం మీదే బడి నడిచేది. చాలా ఊళ్లలో బడి అంటే ఎవరింటి అరుగో, గుడి మండపమో.

ఆ బడి తీరును క్యాంప్‌బెల్ దగ్గర నుంచి చూసినట్టే రాశారు. తెల్లవారగానే మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి ఎక్కువ. (మీలో ఎవరికి ఎన్ని పడేవో నేను చెప్పనక్కరలేదు.) మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, తర్వాత తాటాకు మీద గంటంతో రాయడం. పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు చెప్పేవారు. ఈ పద్ధతిని ఇంగ్లండు అనుకరించడం తగిందేనని ఆయన మెచ్చుకున్నారు.

అయితే ఆ బడులను మరీ ఆకాశానికెత్తడం నాకిష్టం లేదు. అన్ని వేల మందిలో ఆడపిల్లలు 60 మందే. పైగా బడులు అప్పటికే తగ్గిపోతున్నాయి. సీమగుడ్డ, అంటే ఇంగ్లండు బట్ట, వచ్చి నేతగాళ్ల బతుకులు చెడగొట్టిందని, జనం పేదలై పిల్లలను బడికి పంపలేకపోతున్నారని కారణం చెప్పినవాడూ ఆ కలెక్టరే.

మన పల్లెల్లో పిల్లలకు మండ్రోలయ్య అని పేరు పెట్టుకున్నారే, ఆ మన్రో దొర అప్పటికి మద్రాసు గవర్నరు. అయ్యవార్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదని 1826లో రాసి, ప్రతి తహసీల్దారీకి, అంటే తాలూకాకు, ఒక బడి పెట్టి 9 రూపాయల జీతం ఇద్దామన్నారు. మరుసటి ఏడే ఆయన పత్తికొండ దగ్గర కలరాతో పోయారు. ఆ బడులూ ఎక్కువ కాలం నిలవలేదు.

1854లో లండను నుంచి వచ్చిన విద్యా ఉత్తర్వుతో ప్రైవేటు బడి అనే మాటకు అర్థమే మారింది. తనిఖీకి ఒప్పుకున్న బడికి ప్రభుత్వం గ్రాంటు, అంటే డబ్బు సాయం, ఇవ్వసాగింది. రిజిస్టరు, పరీక్ష, ఇన్‌స్పెక్టరు, అన్నీ దాని వెంటే వచ్చాయి. క్రైస్తవ మిషనరీలు ఈ కొత్త పద్ధతికి ముందే అలవాటు పడ్డారు. అరుగు మీది అయ్యవారు మాత్రం సర్కారు కాగితాల్లో వెనకబడ్డ బడివాడయ్యాడు.



ఇట్లు,
మీ తాత