ముడతలకు వేసే సూదులు: అపోహలు – వాస్తవాలు

మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడితే చాలు, నా క్లినిక్‌లో ఒక ప్రశ్న పదేపదే వినిపిస్తుంది. పెళ్లికూతురి తల్లి వచ్చి చర్మం పొడిబారిందని చెబుతారు, మందుల చీటీ రాయించుకుంటారు, లేచి వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి గొంతు తగ్గించి అడుగుతారు: “డాక్టరుగారూ, బొటాక్స్ అంటారే, అది విషమట కదా? వేయించుకోవచ్చా?” విశాఖలో చర్మ వైద్యురాలిగా పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఆ తలుపు దగ్గర నిలబడి చెప్పిన జవాబులే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను. అడగడానికి సిగ్గుపడవలసిన విషయం ఇందులో ఏమీ లేదు. సిగ్గుపడి అడగకపోవడం వల్లే ఎక్కువమంది పొరపాటు చోటికి వెళుతున్నారు.

అపోహ: బొటాక్స్ విషం, ఒంట్లోకి వెళితే ప్రాణానికే ముప్పు.

విషమే. ఆ మాట దాచవలసిన అవసరం నాకు కనిపించదు. క్లాస్ట్రిడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియా తయారుచేసే ఈ పదార్థం పాడైన నిల్వ ఆహారంతో పాటు కడుపులోకి వెళితే ఒళ్లంతా కండరాలు చచ్చుబడతాయి, ఊపిరి ఆడక మనిషి చనిపోవచ్చు. 1820లలో యుస్టినస్ కెర్నర్ అనే జర్మన్ వైద్యుడు చెడిపోయిన మాంసపు సాసేజ్‌లు తిని జబ్బుపడినవారిని పరిశీలించి ఆ లక్షణాలను వివరంగా రాశాడు. లాటిన్‌లో బోటులస్ అంటే సాసేజ్. పేరు అక్కడి నుంచే వచ్చింది. అతి కొద్దిగా ఇస్తే ఇదే మందుగా పనికొస్తుందేమోనని మొదట ఊహించిందీ ఆయనే.

ఆ ఊహ నిజం కావడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. అమెరికాలో ఆలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు దీన్ని మెల్లకన్ను సరిచేయడానికి వాడి చూపించారు. 1989లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మెల్లకన్నుకు, రెప్పలు వాటంతట అవే బిగుసుకుపోయే జబ్బుకు దీన్ని అనుమతించింది. ముడతల సంగతి మాత్రం అనుకోకుండా బయటపడింది. 1987లో కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారథర్స్ అనే కంటి వైద్యురాలి దగ్గర రెప్పల జబ్బుకు సూది వేయించుకుంటున్న ఒకామె, కనుబొమల మధ్య కూడా వేయమని కోరింది. అక్కడ వేసినప్పుడల్లా ముఖం తేటపడినట్టు కనిపిస్తోందని ఆమె గమనించింది. జీన్ భర్త అలెస్టెయిర్ చర్మ వైద్యుడు. ఇద్దరూ కలిసి ఆ సంగతి పరిశోధించి 1992లో ప్రచురించారు. భృకుటి గీతలకు 2002లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

ఇక మోతాదు. కనుబొమల మధ్య నిలువు గీతలకు నేను వేసేది సాధారణంగా 20 యూనిట్లు. 70 కిలోల మనిషికి ప్రాణాంతకమయ్యే మోతాదు దాదాపు 3,000 యూనిట్లని అంచనా. దీర్ఘకాలిక మైగ్రేన్‌కు నరాల వైద్యులు ఒక్క విడతలో 155 యూనిట్లు ఇస్తారు. చంకల్లో విపరీతంగా చెమట పట్టేవారికి ఒక్కో వైపు 50 యూనిట్లు వేస్తాం. మన ఊరి ఉక్కపోతలో ఆ సూది కోసం వచ్చేవారి బాధ ముడతల బాధ కన్నా నాకు పెద్దదిగా అనిపిస్తుంది. ఏ మందులోనైనా ప్రాణం నిలిపేదీ ప్రాణం తీసేదీ మోతాదే.

పని చేసే తీరు ఇది. ముఖం చిట్లించాలనుకోగానే నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరానికి కబురు అందిస్తుంది. ఈ మందు ఆ విడుదలను ఆపుతుంది. కబురు అందని కండరం సడలుతుంది, దాని పైనున్న చర్మం చదునవుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో తేడా మొదలవుతుంది, రెండు వారాలకు పూర్తిగా తెలుస్తుంది. నరం మళ్లీ తన పని అందుకోవడంతో మూడు నాలుగు నెలల్లో కదలిక తిరిగి వస్తుంది.

అపోహ: ముఖానికి వేసే సూదులన్నీ బొటాక్సే.

చాలామంది ఈ తేడా తెలియకే డబ్బు పోగొట్టుకుంటారు, కొందరు ఆరోగ్యమూ పోగొట్టుకుంటారు. బొటాక్స్ ఒక కంపెనీ పెట్టుకున్న పేరు, లోపల ఉండే మందు బోటులినమ్ టాక్సిన్. అదే మందు వేరే పేర్లతోనూ దొరుకుతుంది, అయితే ఒక కంపెనీ యూనిటు మరో కంపెనీ యూనిటుకు సమానం కాదు. అందుకే “ఎన్ని యూనిట్లు” అనే ప్రశ్నతో పాటు “ఏ కంపెనీది” అని కూడా అడగాలి.

ఫిల్లర్ సంగతి పూర్తిగా వేరు. అది కండరాన్ని సడలించదు, లోతుపడిన చోటును నింపుతుంది. ముక్కు పక్క నుంచి నోటి చివర దాకా దిగే గీత, లోపలికి పోయిన బుగ్గ, పలచబడిన పెదవి, వీటికి వాడేది ఎక్కువగా హయలురోనిక్ ఆమ్లం జెల్. మన చర్మంలో సహజంగా ఉండే పదార్థమే అది. దాని పనితనం రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఉంటుంది.

నన్ను నిజంగా భయపెట్టేది ఈ రెండింటిలో ఫిల్లరే. టాక్సిన్ పొరపాటు కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఫిల్లర్ పొరపాటున రక్తనాళంలోకి వెళితే ఆ నాళం పూడిపోతుంది, దాని మీద ఆధారపడిన చర్మం చచ్చిపోతుంది. కనుబొమల మధ్య, ముక్కు మీద ఉన్న నాళాలు కంటి నాళాలతో కలుస్తాయి కాబట్టి అక్కడ జరిగిన పొరపాటుతో చూపు శాశ్వతంగా పోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇది అరుదు, కానీ జరిగితే లెక్కకొచ్చేది నిమిషాలే. హయలురోనిక్ జెల్‌ను కరిగించే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది అలమరలో సిద్ధంగా లేని చోట ఫిల్లర్ వేయించుకోకండి. ద్రవరూపంలో ఉన్న సిలికాన్‌ను ముఖంలోకి ఎక్కిస్తామని ఎవరైనా అంటే వెంటనే లేచి వచ్చేయండి. దాన్ని కరిగించే మందు లేదు.

అపోహ: సూది వేయడమే కదా, ఎవరు వేసినా ఒకటే.

రెండేళ్ల కింద ముప్పై ఎనిమిదేళ్ల ఒకామె నా దగ్గరికి వచ్చారు. గాజువాక నుంచి స్కూటీ మీద వచ్చారు. కుడి రెప్ప సగం వాలి కంటిపాపను కప్పుతోంది. దారి కనిపించడానికి గడ్డం పైకెత్తి బండి నడిపారట. నాతో మాట్లాడుతున్నప్పుడూ అలాగే తల వెనక్కి వాల్చి చూస్తున్నారు. వారం కింద ఒక బ్యూటీ పార్లర్‌లో నుదుటికి సూదులు వేయించుకున్నారు. మందు పేరు తెలియదు, యూనిట్లు తెలియదు. ఒకే సీసా నలుగురు స్నేహితురాళ్లకు పంచారని మాత్రం తెలుసు. మందు కనుబొమకు మరీ దగ్గరగా పడి, రెప్పను ఎత్తే కండరం దాకా పాకింది. నేను చేయగలిగింది తక్కువ. రెప్ప కాస్త లేవడానికి చుక్కల మందు ఇచ్చి, బండి నడపవద్దని చెప్పి, మిగతాది కాలానికి వదిలేశాను. ఆరో వారానికి కన్ను మామూలుగా తెరుచుకుంది. ఆ ఆరు వారాలూ ఆమె పిల్లల స్కూలుకు వెళ్లలేదు, ఎవరి ఇంటికీ వెళ్లలేదు. తన తప్పే అన్నట్టు మాట్లాడారు. ఆమె తప్పు అందులో లేశమైనా లేదు, ఆమెకు చెప్పి తీరవలసిన సంగతులు చెప్పకుండా సూది పట్టుకున్నవారిదే ఆ తప్పు.

రెప్ప వాలడం నేర్పు ఉన్న చేతిలోనూ అరుదుగా జరుగుతుంది, అది నేను ముందే రోగికి చెబుతాను. నకిలీ మందు సంగతి వేరు. 2024లో అమెరికాలో 11 రాష్ట్రాల్లో 22 మందికి ఇలాంటి సూదుల తర్వాత చెడు ప్రభావాలు కనిపించాయని అక్కడి ఆరోగ్య శాఖ హెచ్చరించింది. లైసెన్సు లేనివారో తగిన శిక్షణ లేనివారో వేసిన సూదులవి, ఇళ్లలోనూ స్పాలలోనూ వేయించుకున్నవీ వాటిలో ఉన్నాయి.

సరైన చోట ఏం జరుగుతుందో చెబుతాను, పోల్చుకోండి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచిన సీసాను మీ ఎదుటే తీస్తారు. పైకెత్తి చూస్తే ఖాళీ సీసాలాగే ఉంటుంది, అడుగున తెల్లటి పల్చని పొర మాత్రం కనిపిస్తుంది. మందు అంతా అదే. అందులోకి సెలైన్ ఎక్కించి సీసాను వేళ్ల మధ్య మెల్లగా దొర్లిస్తారు, గట్టిగా కుదపరు. “ముఖం చిట్లించండి, ఇప్పుడు వదలండి” అని రెండు మూడు సార్లు చేయించి, కండరం ఎక్కడ ఉబ్బుతోందో వేలితో తడిమి, తెల్ల పెన్సిలుతో ఐదు చుక్కలు పెడతారు. వెంట్రుకంత సూదితో ఒక్కో చుక్క దగ్గర నాలుగు యూనిట్లు వేస్తారు. చీమ కుట్టినట్టు ఉంటుంది. సీసా మీది పేరు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ మీ చీటీలో రాసి ఇస్తారు. రాయకపోతే అడగండి. వైద్యుల నమోదు సంఖ్య గోడ మీద కనిపించకపోతే అదీ అడగండి.

అపోహ: ఒక్క సూదితో ముడతలన్నీ పోతాయి.

ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న పట్టుచీరను విప్పి చూడండి. చీర పరిచినా మడత గీత పోదు. ముఖమూ అంతే. చిట్లించినప్పుడు మాత్రమే కనిపించే గీత టాక్సిన్‌తో బాగా తగ్గుతుంది. మామూలుగా కూర్చున్నప్పుడూ నిలిచి ఉండే గీత కొంతే తగ్గుతుంది. ఎండ వల్ల వచ్చిన సన్నటి ముడతలకు ఈ సూదితో పెద్దగా పని లేదు.

ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు వచ్చారు. ఇరవై రెండేళ్లుగా మైదానంలోనే ఆమె పని. బుగ్గల మీద గళ్లు గళ్లుగా గీతలు, మచ్చలు, మెడ మీద గరుకుదనం. చేతి గడియారం తీయమన్నాను. పట్టీ కింది చర్మం నునుపుగా, పసిపిల్ల చర్మంలా ఉంది. ఆమె చాలాసేపు ఆ రెండు రంగుల హద్దును చూస్తూ ఉండిపోయారు. సూది వేయలేదు. రోజూ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, మైదానంలో రెండు గంటలకోసారి మళ్లీ రాయడం, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, రాత్రిపూట ట్రెటినాయిన్ క్రీము రాసిచ్చాను. సముద్రం పక్కన బతికే మనకు ఎండ పైనుంచి పడేది మాత్రమే కాదు, ఇసుక మీద నుంచి కూడా తిరిగి కొడుతుంది.

అపోహ: ముఖం బొమ్మలా బిగుసుకుపోతుంది.

మోతాదు ఎక్కువైతే అవుతుంది. నుదురు మొత్తం కదలకుండా చేయమని అడిగేవారికి నేను సర్దిచెబుతాను. కనుబొమలు ఎత్తకుండా మనవాళ్లు ఒక్క వాక్యమైనా మాట్లాడలేరు, ఆ కదలిక పోతే ఇంట్లోవాళ్లకే మనిషి కొత్తగా కనిపిస్తారు. మొదటిసారి తక్కువ వేసి, రెండు వారాల తర్వాత చూసి, అవసరమైతే కలుపుతాను.

అపోహ: మానేస్తే ముడతలు రెట్టింపవుతాయి.

కావు. పాత స్థితికి వస్తాయి, అంతే. నాలుగు నెలలు నున్నటి నుదురు చూసుకున్న కంటికి పాత గీతలు కొత్తగా తోస్తాయి. మొదటి రోజు తీసిన ఫొటో పక్కన పెట్టి చూపిస్తే ఆ దిగులు తీరుతుంది.

అపోహ: బొటాక్స్ లాంటి క్రీములు ఉన్నాయి, సూది ఎందుకు?

ఈ ప్రోటీన్ అణువు చాలా పెద్దది, చర్మం మీద రాస్తే కండరం దాకా దిగదు. ఆ క్రీములు తేమను ఇస్తాయి, తేమకు ఇచ్చే ధర ఇచ్చి కొనుక్కోండి.

కొందరికి నేను వేయను. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మయస్తీనియా గ్రావిస్ వంటి కండరాల బలహీనత జబ్బులున్నవారికి, సూది పడవలసిన చోట చీము లేదా పుండు ఉన్నవారికి వేయను. రక్తం పలచబడే మందులు వాడేవారు, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ సూదులు నడుస్తున్నవారు ఆ మాట ముందుగా చెప్పాలి. గుండె మందులు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, కాస్త కమిలినా ఫర్వాలేదు.

పెళ్లికని వస్తే కనీసం నాలుగు వారాల ముందు రండి. రెండు వారాలు మందు పట్టడానికి, మిగతా రెండూ సవరణకు, కమిలిన మచ్చ పోవడానికి. వేయించుకున్న రోజు ఆ చోటును రుద్దకండి, నాలుగు గంటల పాటు పడుకోకండి, ఫేషియల్ జోలికి పోకండి. బీచ్ రోడ్డులో పరుగు మర్నాటికి వాయిదా వేసుకోండి. తలనొప్పి ఒకటి రెండు రోజులు ఉండవచ్చు, పారాసిటమాల్ సరిపోతుంది. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి బరువైనా, ఫిల్లర్ తర్వాత చర్మం తెల్లబడినా, వలలా నీలి చారలు తేలినా, చూపు మసకబారినా తెల్లవారే దాకా ఆగకండి. సూది వేసిన డాక్టరుకు ఫోను చేస్తూనే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి బయలుదేరండి. వెళ్లేటప్పుడు ఆ బ్యాచ్ సంఖ్య రాసిన చీటీ వెంట తీసుకెళ్లండి.